కోనసీమలో వనరులు, వ్యూహం, వ్యాపార ఫలితం: కొబ్బరి, పీచు, పూతరేకుల పరిశ్రమల అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

అమలాపురం: అంబాజీపేట మార్కెట్‌కు చేరిన వెయ్యి కొబ్బరికాయలకు ఆ రోజు ఒక ధర పలుకుతుంది. అవే కాయలను అటకపై నెలల తరబడి నిల్వ ఉంచి కురిడీగా మార్చితే మరొక ధర లభిస్తుంది. డొక్కను పీచుగా, పొట్టును సేద్యపు దిమ్మలుగా, చిప్పను బొగ్గుగా, కొబ్బరిని నూనెగా, పాలుగా, పొడిగా మార్చితే లెక్క పూర్తిగా వేరుగా ఉంటుంది. చెట్టు ఒకటే, నేల ఒకటే, రైతు ఒకరే. అయినప్పటికీ ఆ కాయపై చివరకు వినియోగదారుడు చెల్లించే సొమ్ములో కోనసీమలో మిగిలేది ఎంత అన్నది మాత్రం కాయ నాణ్యతపై కంటే, దానిని చేపట్టిన సంస్థ ఏ దృష్టితో వ్యాపారం చేస్తున్నదన్న దానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటున్నది.

ఒక సంస్థకు గల వనరులు, ఆ సంస్థ అనుసరించే వ్యూహాత్మక దృక్పథం కలిసి వ్యాపార ఫలితాన్ని ఏ విధంగా నిర్ణయిస్తాయన్న ప్రశ్నకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని పరిశ్రమలు స్పష్టమైన సమాధానం ఇస్తున్నాయి. పథకాలు అమలు చేసే అధికారులకు, వాటి ఫలితాలను పరిశీలించే పాత్రికేయులకు ఉపయోగపడే ఆ అనుభవాలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

వనరు అంటే ఏమిటి? దృక్పథం అంటే ఏమిటి?

సంస్థను భవనాలు, యంత్రాలు, పెట్టుబడుల మొత్తంగా కాక, వనరులను వినియోగించుకునే సామర్థ్యం గల వ్యవస్థగా చూడాలని ఆర్థికవేత్త ఎడిత్ పెన్‌రోజ్ 1959లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు. ఒకే వనరు రెండు సంస్థల చేతిలో రెండు విధాలైన సేవలను అందించగలదన్నది ఆమె వాదనలోని కీలకాంశం. ఈ ఆలోచనను 1984లో బిర్గర్ వెర్నర్‌ఫెల్ట్, 1991లో జే బార్నీ మరింత ముందుకు తీసుకువెళ్లారు. బార్నీ వివరణ ప్రకారం ఒక వనరు సంస్థకు నిలకడైన ఆధిక్యతను ఇవ్వాలంటే అది విలువైనదై ఉండాలి, అరుదైనదై ఉండాలి, ఇతరులు సులభంగా అనుకరించలేనిదై ఉండాలి, దానికి ప్రత్యామ్నాయం లేనిదై ఉండాలి.

వనరు ఉన్నంత మాత్రాన దానిని ఏ దిశలో నడిపించాలో తెలియదు. ఆ దిశను నిర్ణయించేదే వ్యూహాత్మక దృక్పథం. రేమండ్ మైల్స్, చార్లెస్ స్నో 1978లో సంస్థలను నాలుగు తరగతులుగా విభజించారు. కొత్త సరుకులు, కొత్త మార్కెట్ల కోసం నిరంతరం వెదకే అన్వేషకులు మొదటి వారు. ఉన్న సరుకునే తక్కువ ఖర్చుతో, స్థిరంగా అమ్ముకునే పరిరక్షకులు రెండవ వారు. పాత వ్యాపారాన్ని కాపాడుకుంటూ, ఇతరులు ప్రయత్నించి నెగ్గిన కొత్త దారిని ఆచితూచి చేపట్టేవారు మూడవ తరగతికి చెందుతారు. ముందుచూపు లేక, ఒత్తిడి వచ్చినప్పుడు మాత్రమే కదిలేవారు నాలుగవ తరగతి. మొదటి మూడు తరగతుల వారు తమ తమ పద్ధతిలో నిలదొక్కుకోగలరని, నాలుగవ తరగతి వారే తరచుగా దెబ్బతింటారని ఆ పరిశీలన సారాంశం.

కొనుగోలుదారు అవసరాన్ని, పోటీదారు కదలికను గమనించి, సంస్థలోని విభాగాలన్నీ ఆ సమాచారం ప్రకారం నడుచుకోవడాన్ని మార్కెట్ దృక్పథం అంటారు. జాన్ నార్వర్, స్టాన్లీ స్లేటర్ 1990లో ఒక పెద్ద సంస్థకు చెందిన 140 వ్యాపార విభాగాలను పరిశీలించి, ఈ దృక్పథానికి లాభదాయకతకు మధ్య సంబంధం ఉన్నదని నిరూపించారు. ఈ సూత్రాలు పాశ్చాత్య దేశాల భారీ సంస్థలను చూసి రూపొందినవే అయినా, పది మంది మహిళలు పనిచేసే పీచు కేంద్రానికి, రహదారి పక్కన ఉన్న మిఠాయి దుకాణానికి కూడా వర్తిస్తాయి.

కోనసీమ సంపద, దాని పరిమితులు

గౌతమి, వశిష్ఠ గోదావరి పాయల నడుమ, బంగాళాఖాతం అంచున ఏర్పడిన ఒండ్రు నేల కోనసీమ. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847-1852 మధ్య ధవళేశ్వరం వద్ద నిర్మితమైన ఆనకట్ట ఈ ప్రాంతానికి కాలువ నీటిని అందించింది. వరి, అరటి, కొబ్బరి ఇక్కడి జీవనాధారాలు. ఇంటి పెరట్లో కొబ్బరి చెట్టు ఉంటే పెద్ద కొడుకు ఉన్నట్టేనని ఇక్కడి వారు చెప్పుకుంటారు. దేశంలో కొబ్బరి సాగులో కేరళ, కర్ణాటక, తమిళనాడు తర్వాత స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. రాష్ట్రంలో కొబ్బరికి పుట్టినిల్లుగా పేరొందినది కోనసీమ.

ప్రకృతి ఇచ్చిన వనరులకు మనుషులు సమకూర్చిన వనరులు తోడయ్యాయి. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం ఇందుకు మంచి ఉదాహరణ. తూర్పుతీర పొడుగు రకాన్ని, గంగాబొండం పొట్టి రకాన్ని సంకరపరచి రూపొందించిన గోదావరి గంగ ఈ కేంద్రం నుంచే వెలువడింది. 2016 తర్వాత రాష్ట్రంలోని కొబ్బరి తోటలను ఆశించిన సర్పిలాకార తెల్లదోమను అదుపు చేసేందుకు ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని, మిత్రపురుగులను ఉత్పత్తి చేసి రైతులకు చేరవేసినది కూడా ఈ కేంద్రమే. యానాం - ఎదుర్లంక, దిండి - చించినాడ వారధులు నిర్మితమైన తర్వాత, పంటు మీద నది దాటవలసి వచ్చిన సరుకు నేరుగా లారీలపై బయటకు వెళ్లే వీలు కలిగింది.

ఈ సంపద శాశ్వతమని భావించరాదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన పెను తుపాను లక్షలాది కొబ్బరి చెట్లను నేలకూల్చింది. పొడుగు రకం మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. ఒక్క రాత్రి పోయిన వనరు తిరిగి చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో ఆ తుపాను చూపించింది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ పరిసర గ్రామాలలో ఉప్పునీరు చేరి కొబ్బరి తోటలు ఎండిపోతున్న సమస్య 2025లో రాష్ట్ర స్థాయిలో చర్చకు వచ్చింది. వరిలో సాగు ఖర్చులు గిట్టుబాటు కాక 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి దేశమంతటా తెలిసినదే. నేల సారవంతమైనంత మాత్రాన సేద్యం లాభసాటి కాదని ఆ సంఘటన రుజువు చేసింది.

పచ్చికాయ వ్యాపారం: పరిరక్షక దృక్పథం

కోనసీమ కొబ్బరి వ్యాపారం ప్రధానంగా కాయ రూపంలోనే సాగుతున్నది. దింపు కార్మికులు కాయలు దించుతారు, వలుపు కార్మికులు డొక్క తీస్తారు, వ్యాపారులు వాటిని గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, బీహార్ తదితర రాష్ట్రాలకు ఎగుమతి చేస్తారు. దసరా, దీపావళి వంటి పండుగల రోజులలో గిరాకీ పెరుగుతుంది. అటకలపై నిల్వ ఉంచి తయారుచేసే కురిడీకి ఉత్తరాది మార్కెట్లలో ప్రత్యేకమైన ఆదరణ ఉన్నది. గండేరా, గటగటా అన్న శ్రేణులుగా దీని ధరలు నిర్ణయమవుతాయి.

ఈ వ్యాపారానికి తనదైన బలం ఉన్నది. తరతరాలుగా ఏర్పడిన నమ్మకం, ఉత్తరాది కొనుగోలుదారులతో పరిచయం, కాయను చూడగానే శ్రేణిని గుర్తించే అనుభవం, ఇవన్నీ పుస్తకాలలో కనిపించని విలువైన వనరులే. పెట్టుబడి తక్కువ, సొమ్ము త్వరగా చేతికి వస్తుంది. అయితే ఈ దృక్పథంలో ధరను నిర్ణయించే అధికారం అమ్మేవారి చేతిలో ఉండదు. తమిళనాడు, కర్ణాటక, కేరళ నుంచి కాయ ఎక్కువగా మార్కెట్‌కు వస్తే అంబాజీపేటలో ధర తగ్గుతుంది. పండుగ దాటితే గిరాకీ మందగిస్తుంది. పచ్చికాయను ఎవరైనా అమ్మగలరు. బార్నీ చెప్పిన నాలుగు లక్షణాలలో విలువ ఒక్కటే ఇక్కడ ఉన్నది. అరుదుదనం గాని, అనుకరించలేని తనం గాని లేవు.

ధర పడిపోయినప్పుడు రైతుకు అండగా కేంద్ర ప్రభుత్వం ఎండు కొబ్బరికి కనీస మద్దతు ధర ప్రకటిస్తున్నది. 2025 సీజనుకు మిల్లింగ్ రకానికి క్వింటాలుకు రూ.11,582, బాల్ కోప్రాకు రూ.12,100 చొప్పున నిర్ణయించింది. 2025లో దేశవ్యాప్తంగా కొబ్బరి ధరలు రికార్డు స్థాయికి చేరి, మార్కెట్ ధర మద్దతు ధరను బహుదూరం దాటిపోయింది. ఆ సంవత్సరం రైతులకు, వ్యాపారులకు మేలు జరిగింది. కాని ఇతర రాష్ట్రాలలో దిగుబడి తగ్గడమే ఆ ధరకు ప్రధాన కారణం తప్ప, ఇక్కడి వ్యాపారంలో వచ్చిన మార్పు కాదన్నది గమనించవలసిన విషయం. ధర పెరిగిన సంవత్సరపు లాభం వ్యాపార సామర్థ్యానికి కొలమానం కాజాలదు. ధర పడిన సంవత్సరంలో సంస్థ ఎలా నిలబడినదన్నదే అసలైన కొలమానం.

పీచు పరిశ్రమ: వ్యర్థం వనరుగా మారిన వైనం

కొబ్బరి డొక్క ఒకప్పుడు పొయ్యిలోకి, చెట్టు పాదులోకి వెళ్లే వస్తువు. రమారమి వెయ్యి డొక్కల నుంచి 80 కిలోల వరకు పీచు లభిస్తుంది. కిలో పీచు తీసేటప్పుడు సుమారు రెండు కిలోల పొట్టు వెలువడుతుంది. కేరళలో పచ్చి డొక్కను ఉప్పు కయ్యలలో నెలల తరబడి నానబెట్టి తెల్ల పీచు తీస్తే, కోనసీమలో ముదురు కాయల డొక్కను యంత్రాలపై చీల్చి గోధుమ రంగు పీచు తీస్తారు. పరుపులు, కుర్చీల మెత్తలు, తాళ్లు, నేలకోతను అరికట్టే జాలీలు ఈ పీచుతో తయారవుతాయి.

పొట్టు సంగతి మరింత గమనార్హమైనది. మిల్లు పక్కన గుట్టలుగా పేరుకుపోయి, వర్షానికి తడిసి, పరిసరాలకు ఇబ్బంది కలిగించిన ఈ పదార్థం మట్టి లేని సేద్యానికి, నర్సరీలకు, పూల తోటలకు ఎంతో అనువైనదని విదేశీ ఉద్యాన రంగం గుర్తించింది. తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టి ఉంచగల గుణం దీనికి ఉండడమే ఇందుకు కారణం. 2019-20లో రూ.2,757 కోట్లు ఉన్న దేశ కొబ్బరి పీచు, పీచు ఉత్పత్తుల ఎగుమతి 2020-21లో రూ.3,778 కోట్లకు పెరిగింది. ఆ విలువలో దాదాపు సగం పొట్టుదే. ముడి పీచును అధికంగా కొనుగోలు చేసే దేశం చైనా.

అయితే పొట్టు ఉన్న ప్రతి మిల్లూ ఈ మార్కెట్‌లోకి ప్రవేశించలేదు. విదేశీ కొనుగోలుదారు కోరేది పొట్టును కాదు, లవణాంశం నిర్ణీత స్థాయికి తగ్గిన, కలుపు విత్తనాలు లేని, ఒకే తేమ గల, ఐదు కిలోల దిమ్మలుగా నొక్కిన సరుకును. అందుకు మంచినీటితో కడగాలి, గచ్చు నేలపై ఆరబెట్టాలి, లవణాంశాన్ని పరీక్షించాలి, ప్రతి విడతకు లెక్క రాసి ఉంచాలి. ఇవేవీ డొక్కతో పాటు వచ్చే వనరులు కావు. కొనుగోలుదారు అవసరాన్ని తెలుసుకొని సంస్థ సమకూర్చుకోవలసిన సామర్థ్యాలు. ముడి పీచును మూటలు కట్టి అమ్మే మిల్లు ఒక దేశపు గిరాకీపై, ఒక వ్యాపారి ఫోను పిలుపుపై ఆధారపడి ఉంటుంది. అదే పీచు నుంచి తాడు, జాలీ, కుండీ, దిమ్మ తయారుచేసే కేంద్రానికి ఒక మార్కెట్ మందగిస్తే మరొకటి ఉంటుంది. రెండింటికీ డొక్క వచ్చేది అదే తోట నుంచి.

ఈ రంగానికి ప్రభుత్వ తోడ్పాటు చిరకాలంగా ఉన్నది. 1953 నాటి చట్టం ప్రకారం ఏర్పాటైన కాయర్ బోర్డుకు రాజమహేంద్రవరంలో ప్రాంతీయ కార్యాలయం ఉన్నది. తాడు పేనే మహిళలకు శిక్షణ ఇచ్చి మోటారు రాట్నాలను రాయితీపై అందించేందుకు 1994లో మహిళా కాయర్ యోజన మొదలైంది. సంప్రదాయ పరిశ్రమలను సమూహాలుగా అభివృద్ధి చేసే స్ఫూర్తి పథకం 2005లో ప్రారంభమైంది. రాట్నం లేదా యంత్రం చేతికి రావడం వనరు సమకూరడమే. ఆ రాట్నంపై పేనిన తాడును ఎవరు కొంటారన్న ప్రశ్నకు ముందుగానే సమాధానం వెదకిన కేంద్రాలు నడుస్తాయి. యంత్రం వచ్చిన తర్వాత మార్కెట్‌ను వెదకడం ప్రారంభించిన కేంద్రాలకు తాళం పడే ప్రమాదం ఎక్కువ.

ఆత్రేయపురం పూతరేకులు: పేరే పెట్టుబడి

కొత్తపేట డివిజన్‌లోని ఆత్రేయపురం వనరుల దృష్ట్యా అసాధారణమైన గ్రామమేమీ కాదు. బియ్యం, బెల్లం, పంచదార, నెయ్యి ఎక్కడైనా లభిస్తాయి. ఇక్కడ అరుదైనది మహిళల చేతి నైపుణ్యం. పలుచని బియ్యపు పిండి నీళ్లలో గుడ్డను ముంచి, బోర్లించి వేడిచేసిన కుండపై ఒక్క విసురుతో పరచి, క్షణంలో రేకు తీయడం ఏళ్ల సాధనతో గాని పట్టుబడదు. ఎండిన కొబ్బరి ఆకుల సెగ ఇందుకు అనుకూలం. మంట హెచ్చితే రేకు మాడుతుంది, తగ్గితే ఊడి రాదు. యంత్రం చేయలేని ఈ పనే ఆత్రేయపురానికి అనుకరించలేని వనరు.

ఈ నైపుణ్యం దశాబ్దాలుగా ఉన్నది. వ్యాపారం విస్తరించినది మాత్రం తయారీదారులు కొనుగోలుదారును గమనించడం ప్రారంభించిన తర్వాతనే. పంచదారకు బదులు బెల్లం, ఆపై జీడిపప్పు, బాదం వంటి ఎండు ఫలాలు, వివాహాలకు ప్రత్యేక పెట్టెలు, దూర ప్రయాణానికి తట్టుకునే ప్యాకింగ్, విదేశాలలోని తెలుగువారికి కొరియర్ ద్వారా సరఫరా వంటి మార్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి. రావులపాలెం వైపు సాగే రహదారి వెంట ఏర్పడిన దుకాణాలు ప్రయాణికుడినే ప్రచారకర్తగా మార్చుకున్నాయి.

మూడవ మెట్టు పేరును కాపాడుకోవడం. ఇతర ప్రాంతాలలో తయారైన సరుకు ఆత్రేయపురం పేరుతో అమ్ముడవుతున్న పరిస్థితిలో, సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు చేసింది. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇందుకు సహకరించింది. 2023లో ఈ గుర్తింపు లభించింది. 1999 నాటి వస్తువుల భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం ఈ నమోదు పదేళ్లు అమలులో ఉంటుంది, గడువు తీరినప్పుడు పునరుద్ధరించుకోవచ్చు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. గుర్తింపు సంఘం పేరున నమోదైనప్పటికీ, ఒక్కొక్క తయారీదారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవలసి ఉంటుంది. ఈ నమోదు రుసుమును కేంద్ర ప్రభుత్వం 2020లో రూ.500 నుంచి రూ.10కి తగ్గించింది. ఎందరు ఈ నమోదు పూర్తిచేసుకున్నారన్న దానిని బట్టే గుర్తింపు ప్రయోజనాన్ని అంచనా వేయవలసి ఉంటుంది. దుకాణదారు పెట్టెపై ముద్ర వేసుకుని, పొయ్యి సెగ దగ్గర కూర్చుని రేకు తీసిన మహిళకు వందకు ఇంత అన్న పాత కూలియే దక్కితే, వ్యాపారం పెరిగినా వనరుకు మూలమైన నైపుణ్యం తరువాతి తరానికి అందదు. తల్లి దగ్గర కూతురు ఈ పని నేర్చుకునేందుకు ఇష్టపడకపోతే, పదేళ్ల తర్వాత పునరుద్ధరించేందుకు పత్రం ఉంటుంది గాని రేకు ఉండదు.

నైపుణ్యం ఒకరిది, మార్కెట్ మరొకరిది

వశిష్ఠకు ఆవలి ఒడ్డున పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురం లేసు అల్లికల చరిత్ర ఈ హెచ్చరికను బలపరుస్తున్నది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా పరిచయమైన ఈ అల్లిక గోదావరి తీర గ్రామాలలో వేలాది మహిళలకు ఇంటివద్ద పనిగా స్థిరపడింది. సరుకు విదేశాలకు చేరింది. అయితే అల్లే మహిళకు కొనుగోలుదారు ఎవరో, తన అల్లిక ఏ ధరకు అమ్ముడుపోయినదో తెలియని పరిస్థితిని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. మార్కెట్ సమాచారం దళారీ, ఎగుమతిదారుల వద్దనే ఉండిపోయింది. సంస్థకు మార్కెట్ దృక్పథం ఉండడం వేరు, ఆ దృక్పథం ఫలితం వనరు యజమానికి చేరడం వేరు. 2024లో నర్సాపురం లేసుకు కూడా భౌగోళిక గుర్తింపు లభించిన నేపథ్యంలో ఈ తేడాను దృష్టిలో ఉంచుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

చెంతనే ఉన్నా చేతిలో లేని వనరు

వనరు సమీపంలో ఉండడానికి, అది సంస్థ అధీనంలో ఉండడానికి గల వ్యత్యాసాన్ని మరొక ఉదాహరణ వెల్లడిస్తున్నది. కృష్ణా - గోదావరి బేసిన్ సహజవాయువును నమ్ముకొని రావులపాలెం మండలం దేవరపల్లి వద్ద 445 మెగావాట్ల కోనసీమ గ్యాస్ పవర్ విద్యుత్ కేంద్రం ఏర్పాటైంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభమైన కేజీ - డీ6 క్షేత్రం 2010 తర్వాత వేగంగా క్షీణించింది. రాష్ట్రంలోని గ్యాస్ ఆధారిత కేంద్రాలు ఇంధనం లేక నిలిచిపోయాయి. దేవరపల్లి కేంద్రం కూడా మూతపడి, ఆ సంస్థ దివాలా ప్రక్రియకు చేరింది. కోట్ల రూపాయల యంత్రాలు, శిక్షణ పొందిన సిబ్బంది, అమ్మకానికి సిద్ధంగా ఉన్న మార్కెట్, అన్నీ ఉన్నా ఒకే ముడిసరుకు, ఒకే మార్గంపై ఆధారపడిన వ్యూహం సంస్థను నిలబెట్టలేకపోయింది.

చిన్న సంస్థలకు కూడా ఇదే వర్తిస్తుంది. దింపు కార్మికుల కొరత, తుపాను, తెగులు, ఉప్పునీరు వంటి కారణాలతో కాయ తగ్గినప్పుడు డొక్క తగ్గుతుంది, డొక్క తగ్గితే పీచు మిల్లు ఆగుతుంది. అందువల్ల ముడిసరుకు ఇచ్చే రైతుతో ముందస్తు ఒప్పందం, తోటల పునరుద్ధరణ, మురుగు కాలువల నిర్వహణ పరిశ్రమకు సంబంధం లేని వ్యవసాయ విషయాలు కావు. అవి పరిశ్రమ వ్యూహంలో భాగాలే.

ఉమ్మడి సంస్థల అవసరం

ఎకరం, రెండెకరాల తోట గల రైతు ఒంటరిగా ప్రయోగశాల, గిడ్డంగి, ఎగుమతి అనుమతి సమకూర్చుకోవడం సాధ్యం కాదు. చిన్న వనరులను ఒకచోట చేర్చేందుకు ఉత్పత్తిదారుల కంపెనీ అన్న రూపాన్ని 2002 చట్ట సవరణ కల్పించింది. కనీసం పది మంది ఉత్పత్తిదారులు కలిసి దీనిని స్థాపించవచ్చు. కొబ్బరి అభివృద్ధి బోర్డు గ్రామ స్థాయిలో ఉత్పత్తిదారుల సంఘాలు, వాటిపై సమాఖ్యలు, ఆపై కంపెనీలు అన్న మూడంచెల విధానాన్ని ప్రోత్సహించింది. 2020లో ప్రారంభమైన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల కేంద్ర పథకం కింద ఒక్కొక్క సంస్థకు మూడేళ్ల నిర్వహణకు గరిష్ఠంగా రూ.18 లక్షలు, వాటాధనానికి జోడింపుగా గరిష్ఠంగా రూ.15 లక్షలు లభించే ఏర్పాటు జరిగింది. అదే సంవత్సరం మొదలైన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకం వ్యక్తిగత యూనిట్ల వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల రాయితీ కల్పించింది. 2024-29 కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఆహారశుద్ధి విధానం 4.0ను ప్రకటించింది.

ఈ పథకాలన్నీ వనరులను సమకూర్చుతాయి. దృక్పథాన్ని మంజూరు చేసే పథకం ఏదీ లేదు. అది సంస్థ సభ్యులలో, దానిని నడిపే కార్యనిర్వాహకులలో, వారికి మార్గదర్శనం చేసే అధికారులలో పెంపొందవలసినది. ఎరువులు, పురుగుమందులు కొని సభ్యులకు అమ్మడంతోనే సరిపెట్టుకునే ఉత్పత్తిదారుల సంస్థ మరొక దుకాణంగా మిగులుతుంది. సభ్యుల కాయకు కొత్త కొనుగోలుదారును వెదకిన సంస్థ మాత్రమే రైతు చేతికి అదనపు రూపాయిని చేరుస్తుంది.

ఫలితాన్ని కొలిచే విధానం

మంజూరైన యూనిట్ల సంఖ్య, విడుదలైన రాయితీ మొత్తం, శిక్షణ పొందినవారి సంఖ్య వనరుల లెక్కలు మాత్రమే. వ్యాపార ఫలితం తెలియాలంటే మరికొన్ని ప్రశ్నలు అవసరమవుతాయి. రాయితీ పొందిన యూనిట్ మూడేళ్ల తర్వాత నడుస్తున్నదా? దాని అమ్మకాలు ఎందరు కొనుగోలుదారులపై ఆధారపడి ఉన్నాయి? ఐదేళ్ల క్రితం లేని ఏ సరుకును అది ఇప్పుడు తయారుచేస్తున్నది? కాయ ధర పడిపోయిన సంవత్సరంలో రైతుకు, కార్మికులకు అది ఎంత చెల్లించింది? వాపసు వచ్చిన సరుకు ఎంత, ఎందువల్ల వచ్చింది? ఈ సమాచారం పెద్ద సర్వేలతో పని లేకుండానే యూనిట్ల ఖాతా పుస్తకాలలో లభిస్తుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు ఒకే విధమైన వ్యూహం సరిపడదు. సముద్ర తీరాన ఉప్పునీటి సమస్య గల రాజోలు పల్లెలలో తోటను కాపాడుకోవడం మొదటి అవసరం. అంబాజీపేట, అమలాపురం పరిసరాలలో దశాబ్దాల వర్తక అనుభవం ఉన్నందున ఆ పరిచయాలను శుద్ధి చేసిన సరుకుల వైపు మళ్లించడం సులువు. జాతీయ రహదారికి చేరువగా ఉన్న కొత్తపేట, రావులపాలెం, ఆత్రేయపురం ప్రాంతంలో పేరు, ప్యాకింగ్, ప్రయాణికుల అమ్మకం అనుకూలిస్తాయి. పచ్చికాయ వర్తకాన్ని వదులుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. దానిని కాపాడుకుంటూనే, కాయలో ఇంకా అమ్ముకోని భాగాల కోసం కొత్త కొనుగోలుదారును వెదకడమే చిన్న సంస్థలకు అనువైన మధ్యేమార్గం.

1996 తుపాను తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు నేడు నిండు కాపులో ఉన్నాయి. కోనసీమ రైతు తన వనరును తిరిగి నిలబెట్టుకున్నాడు. ఆ చెట్ల నుంచి దిగే కాయ ఏ రూపంలో గోదావరి వారధి దాటి వెళుతున్నదన్న దానిపైనే ఈ ప్రాంత వ్యాపారాల భవిష్యత్తు ఆధారపడి ఉన్నది.